యమగివా-యోషిదా గ్రాంటు: మూడు నెలలు వెళ్ళొచ్చాక

మా శ్రీకాకుళం, విశాఖ తీరంలో కొందరు ఆడవాళ్ళు చుట్టని తిరగేసి కాలుస్తారు. నిప్పు ఉన్న కొస నోట్లో ఉంటుంది. అడ్డపొగ అంటాం. మా అమ్మమ్మా కాల్చేది. ఆ పొగకీ వేడికీ అంగిలి మీద మచ్చలు లేస్తాయి, కొందరికి అది కేన్సరు దాకా వెళుతుంది. నేను ఓరల్ పెథాలజిస్టుని, అంటే నోటి నుంచి తీసిన ముక్కల్ని మైక్రోస్కోపులో చూసి జబ్బు చెప్పే డాక్టర్ని. ఆ స్లైడ్లు చదవగలను కానీ, ఆ కణాల్లో ఏ జన్యువులు మారాయో చూసే యంత్రాలు మా కాలేజీలో లేవు. జర్మనీలో ఒక ల్యాబులో అవన్నీ ఉన్నాయి, అడ్డపొగ కేసు మాత్రం ఒక్కటీ లేదు. రెండేళ్ళు మెయిళ్ళు రాసుకున్నాం. “తప్పకుండా కలిసి చేద్దాం” అని ప్రతి మెయిల్లో ఉండేది. అంతే.

అప్పుడు ఈ యమగివా-యోషిదా గ్రాంటుకి అప్లై చేశాను. ఇచ్చేది జెనీవాలోని యూఐసీసీ, 1933లో పుట్టిన అంతర్జాతీయ కేన్సర్ సంఘం. గడువు మూడు నెలలు, సొమ్ము సగటున 10,000 డాలర్లు. వేరే దేశపు పరిశోధకులతో ఉమ్మడి పని మొదలుపెట్టడానికే పెట్టిన గ్రాంటు ఇది. ఒక నెల శిక్షణకి వేరే ఫెలోషిప్ ఉంది, అది ఇంకా చిన్నది. టెక్నిక్ ఒక్కటి నేర్చుకుని రావాలంటే దానికే వెళ్ళండి.

పేరు సంగతి కూడా చెప్పాలి. యమగివా, ఇచికావా అనే ఇద్దరు జపాన్ శాస్త్రవేత్తలు 1915లో కుందేళ్ళ చెవులకి నెలల తరబడి తారు పూసి కేన్సరు పుట్టించి చూపించారు. మా అమ్మమ్మ అంగిలి మీద రోజూ పడిందీ తారే కదా అనిపించింది. యోషిదా తర్వాతి తరం జపాన్ కేన్సర్ పరిశోధకుడు. ఇచికావా పేరు మాత్రం గ్రాంటులో లేదు. జంటపని కోసం పెట్టిన గ్రాంటులో జంటగాడే మాయం!

వెళ్ళాక మొదటి రెండు వారాలూ వాదనే. వాళ్ళ స్లైడ్లే ఇద్దరం చూసేవాళ్ళం. కణాల్లో నేను ‘తీవ్రం’ అన్న మార్పుని వాళ్ళు ‘మధ్యస్థం’ అనేవాళ్ళు. అంగిలి మీద రంగు పోయిన మచ్చలు వాళ్ళెప్పుడూ చూడలేదు, మా పాత ప్రచురణల్లో ఫోటోలు తీసి చూపించాల్సి వచ్చింది. ఈ తగాదా మెయిల్లో తేలేది కాదు. ఇద్దరూ ఒకేసారి చూడగలిగే ఒకే మైక్రోస్కోపు ముందు కూర్చుంటేనే తేలింది. నా లెక్కలో డాలర్లన్నీ దీనికే సార్థకం.

ఇబ్బందులూ ఉన్నాయి. ఈ డబ్బు ప్రయాణానికి, ఉండడానికి. ప్రాజెక్టు నడపడానికి కాదు. కెమికల్స్ ఖర్చు ఆ ల్యాబే భరించింది, నా అదృష్టం. గది ఇచ్చినాయన రెండు నెలల అద్దె అడ్వాన్సు పట్టుకుని కూర్చుంటే మొదటి నెల మా ఆయన పంపిన డబ్బుతో నెట్టుకొచ్చాను. ఇక్కడ సెలవు మంజూరుకి తిరిగిన తిరుగుడు అంతా ఇంతా కాదు, ఆ టెన్షన్ జర్మన్ చలికన్నా ఎక్కువ.

పెద్ద దెబ్బ ఇంకొకటి, అది నా తెలివితక్కువే. మన పేషెంట్ల శాంపిల్స్‌తో విదేశీ ల్యాబుతో కలిసి పనిచేయాలంటే ఐసీఎంఆర్ (వైద్య పరిశోధనలు చూసే కేంద్ర సంస్థ) ద్వారా హెల్త్ మినిస్ట్రీ స్క్రీనింగ్ కమిటీ అనుమతి ఉండాలి. దానికి అప్లై చేయకుండానే విమానం ఎక్కాను. అందుకే మూడు నెలలూ వాళ్ళ శాంపిల్స్ మీదే పద్ధతి నేర్చుకుని, మా అంగిలి బ్లాకులు (మైనంలో భద్రపరిచిన ముక్కలు) బీరువాలోనే ఉంచి రావాల్సి వచ్చింది. అసలు పని వచ్చాకే మొదలైంది, అనుమతి చేతికొచ్చాక.

అయిదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ తగ్గించింది రెండోసారి వెళ్ళడానికి ఇందులో దారి లేనందుకు. అప్లై చేసేవాళ్ళు ఆహ్వాన పత్రంలో “వచ్చి నేర్చుకుంటుంది” అని కాకుండా “ఫలానా ప్రశ్న ఇద్దరం కలిసి తేలుస్తాం” అని రాయించుకోండి. ఆ స్క్రీనింగ్ కమిటీ కాగితాలు మాత్రం వీసా కన్నా ముందే మొదలుపెట్టండి.