హ్యాంగయ్యే అసెంబుల్డ్ పీసీ: నాలుగేళ్లుగా వాడిన టూల్స్‌లో ఏది పట్టుకుంటుంది, ఏది వదిలేస్తుంది

ఈ టూల్స్‌లో ఏదీ "ర్యామ్ పోయింది, మార్చు" అని వేలు పెట్టి చూపించదు. ఒక్కోటి ఒక్కో రకం తప్పునే చూస్తుంది, మిగతావాటికి గుడ్డిది. రాత్రంతా స్ట్రెస్ టెస్ట్ పాసైన సిస్టమ్ తెల్లారి బ్రౌజర్ తెరవగానే బిగుసుకుపోవడం అందుకే. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్, సెన్సర్ల అంకెలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో, ప్రాసెసర్, కార్డుల మీద లోడ్ పెట్టే ఓసీసీటీ, ప్రాసెసర్ కోర్లని ఒక్కొక్కటిగా పరీక్షించే కోర్‌సైక్లర్, వీటికి తోడు తప్పుల చిట్టా చూపే, విండోస్‌లోనే ఉన్న ఈవెంట్ వ్యూయర్: ఈ ఐదింటి గురించే ఈ సమీక్ష. వాడింది ఎక్కువగా ఏఎం4 (ఏఎండీ ప్రాసెసర్ సాకెట్) సిస్టమ్‌ల మీద. అంటే రైజెన్ 5 5600, బీ550 బోర్డు, 8 జీబీ డీడీఆర్4 స్టిక్కులు రెండు, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై), విండోస్ 11.

ఏ టూల్ తీయాలో హ్యాంగ్ తీరే చెబుతుంది. బిగుసుకోగానే రీసెట్ నొక్కేయకుండా కీబోర్డు మీద నమ్‌లాక్ నొక్కి చూడండి. లైటు వెలిగి ఆరుతూ, మౌస్ కూడా కదులుతూ, ఏదీ మాత్రం ఓపెన్ కాకపోతే అది ఎక్కువగా ఎస్‌ఎస్‌డీ లేదా హార్డ్‌డిస్క్ సంగతి. నమ్‌లాక్ లైటు కూడా కదలక, స్పీకర్లో పాట ఒకే ముక్క మీద గర్రుమంటూ ఉండిపోతే ర్యామ్, ప్రాసెసర్, పవర్ వైపు చూడాలి. స్క్రీన్ నల్లబడి గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు ఒక్కసారిగా హోరెత్తితే కార్డు, లేదా దానికి వెళ్లే కరెంటు. ఎప్పుడు ఆగుతోందో కూడా రాసి పెట్టుకోండి: గేమ్‌లోనా, ఖాళీగా వదిలేసినప్పుడా, పొద్దున మొదటిసారి ఆన్ చేసినప్పుడా, పక్క గదిలో ఫ్రిజ్ స్టార్టయినప్పుడా. వారం రోజుల చీటీ అయిదు వేల రూపాయల పార్టు ఖర్చు తప్పిస్తుంది.

ఈవెంట్ వ్యూయర్‌ని చాలామంది తప్పుగా చదువుతారు. సిస్టమ్ లాగ్‌లో ఎర్రగా కనిపించే కెర్నల్-పవర్ 41 చూసి "పవర్ సప్లై పోయింది" అనేస్తారు. 41 చెప్పేది ఒక్కటే: సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా మళ్లీ ఆన్ అయింది. మీరు రీసెట్ నొక్కినా అదే పడుతుంది. దాన్ని తెరిచి డీటెయిల్స్‌లో బగ్‌చెక్‌కోడ్ చూడాలి. సున్నా ఉంటే బ్లూ స్క్రీన్ దాకా కూడా వెళ్లలేదని అర్థం; కరెంటు తెగింది, లేదా మొత్తం గడ్డకట్టింది. అంకె ఉంటే అది దశాంశంలో ఉంటుంది, హెక్సాలోకి (16 ఆధారంగా లెక్కించే అంకెల్లోకి) మార్చుకోవాలి. 292 అంటే 0ఎక్స్124, హార్డ్‌వేర్ తప్పు. 26 అంటే 0ఎక్స్1ఏ, మెమరీ మేనేజ్‌మెంట్. 278 అంటే 0ఎక్స్116, గ్రాఫిక్స్ డ్రైవర్ జవాబివ్వలేదు. బ్లూ స్క్రీన్ వస్తున్నా విండోస్ ఫోల్డర్‌లోని మినీడంప్ (క్రాష్ వివరాల డంప్ ఫైళ్లు ఉండే ఫోల్డర్) ఖాళీగా ఉంటే పేజ్ ఫైల్ (ర్యామ్‌కి తోడుగా డిస్క్ మీద విండోస్ వాడుకునే ఫైల్) ఆఫ్ చేశారేమో చూడండి. అది లేకుండా డంప్ రాయడం కుదరదు. ఇక డంప్ చదివే చిన్న టూల్స్ దాదాపు ప్రతిసారీ ఎన్‌టీఓఎస్‌కెర్నల్ మీదే నెపం వేస్తాయి. అది విండోస్ గుండెకాయ. ఎవరు పొడిచినా పడిపోయేది అదే. దాన్ని పట్టించుకోవద్దు.

టూల్స్ కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది: బయోస్‌లో (బోర్డు సెట్టింగుల మెనూలో) లోడ్ ఆప్టిమైజ్డ్ డీఫాల్ట్స్. ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని పెంచిన వేగంతో నడిపేది) ఆఫ్, పీబీఓ (ప్రాసెసర్ హద్దులు పెంచేది) ఆఫ్, కర్వ్ ఆప్టిమైజర్ (కోర్లకి వోల్టేజీ తగ్గించేది) సున్నా. ఆ స్థితిలో రెండు మూడు రోజులు వాడి చూడండి. హ్యాంగ్ ఆగిందంటే పార్టులు బాగున్నట్టే, సెట్టింగే వాటికి మించింది. ర్యామ్ డబ్బా మీద వేగం 3600 అని రాసి ఉన్నంత మాత్రాన మీ ప్రాసెసర్ ఒప్పుకోవాలని లేదు. రైజెన్ 5000కి ఏఎండీ హామీ ఇచ్చేది రెండు స్టిక్కులకు 3200. నాలుగు సింగిల్ ర్యాంక్ స్టిక్కులైతే (ర్యాంక్ అంటే స్టిక్ మీద కలిసి పనిచేసే చిప్పుల గుంపు) 2933, నాలుగు డ్యూయల్ ర్యాంక్ అయితే 2667. ముందు రెండు కొని, ఏడాది తర్వాత "అదే మోడల్" అని ఇంకో రెండు తెచ్చి గుచ్చిన సిస్టమ్‌లు హ్యాంగయ్యేది ఇక్కడే. మోడల్ ఒకటే అయినా లోపలి చిప్పులు మారి ఉండొచ్చు.

మెమ్‌టెస్ట్86 ప్లస్ ఈ నాలుగేళ్లలో ఎక్కువగా పనికొచ్చిన టూల్. ఉచితం, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవుతుంది, విండోస్‌తో సంబంధం లేదు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండి బూట్ కాకపోతే ఆఫ్ చేయాలి. కానీ డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ ఉంటే ముందుగా రికవరీ కీ రాసి పెట్టుకోండి, లేకపోతే తిరిగి విండోస్‌లోకి వెళ్లేటప్పుడు అది అడుగుతుంది. కనీసం నాలుగు పాసులు తిప్పాలి. పడుకునే ముందు పెట్టి పొద్దున చూసుకునే పని. ఇందులో "ఒకటి రెండు ఎర్రర్లే కదా" అనే మాట లేదు. ఒక్కటి వచ్చినా ఫెయిలే.

ఎర్రర్ వస్తే వెంటనే ర్యామ్ మార్చేయొద్దు. ఎక్స్‌ఎంపీ తీసేసి మళ్లీ తిప్పండి. క్లీన్‌గా వస్తే స్టిక్ చావలేదు, ఆ వేగం కుదరలేదంతే. 3600 నుంచి 3200కి దించితే సరిపోతుంది. డీఫాల్ట్‌లోనూ ఎర్రర్ వస్తే ఒక్కో స్టిక్‌ని ఏ2 స్లాట్‌లో, అంటే ప్రాసెసర్ నుంచి లెక్కిస్తే రెండోదాంట్లో, విడిగా పెట్టి చూడాలి. తర్వాత అదే స్టిక్‌ని బీ2లో, అంటే నాలుగోదాంట్లో. తప్పు స్టిక్ వెంట నడిస్తే స్టిక్‌ది. ఏ స్టిక్ పెట్టినా ఒకే స్లాట్‌లో తప్పు వస్తుంటే అది బోర్డు, లేదా ప్రాసెసర్ పిన్ను. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. పేస్ట్ ఎండిపోయిన కూలర్‌ని నిటారుగా లాగితే ప్రాసెసర్ సాకెట్ నుంచి ఊడి దాంతోపాటే వచ్చేస్తుంది, పిన్ను వంగేది అప్పుడే. సిస్టమ్‌ని పది నిమిషాలు నడిపి, పేస్ట్ వేడెక్కాక ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, కూలర్‌ని కాస్త అటూ ఇటూ తిప్పి తీయాలి.

షాపుల్లో ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెడతారు. చాలాసార్లు పనిచేస్తుంది కూడా, కానీ ఘనత రబ్బరుది కాదు, తీసి మళ్లీ గట్టిగా గుచ్చడంది. రబ్బరు బంగారు పూతని అరగదీస్తుంది, పొడి స్లాట్‌లో పడుతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు రాలని గుడ్డ చాలు.

మెమ్‌టెస్ట్ లోపం ఏమిటంటే, అది నడిచేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఊరికే ఉంటుంది. క్యాబినెట్ లోపల గేమ్ నాటి వేడి ఉండదు. గేమ్‌లో మాత్రమే పడిపోతుంటే విండోస్‌లో టెస్ట్‌మెమ్5 లాంటి ర్యామ్ టెస్ట్ నడుపుతూ పక్కన గ్రాఫిక్స్ లోడ్ కూడా పెట్టి చూడాలి.

ఖాళీగా ఉన్నప్పుడు హ్యాంగయ్యే సిస్టమ్ అన్నిటికంటే విసిగిస్తుంది. గేమ్ మూడు గంటలు నడుస్తుంది, భోజనానికి వెళ్లొచ్చేసరికి బిగుసుకుని ఉంటుంది. ప్రాసెసర్‌ని పిండే ప్రైమ్95, ఓసీసీటీ ఎన్ని గంటలు తిప్పినా దీన్ని పట్టుకోలేవు. అవి ప్రాసెసర్‌ని నిద్రపోనివ్వవు, తప్పు జరిగేది నిద్రలోనే. పని లేనప్పుడు రైజెన్ కోర్లు లోతైన సీ6 స్థితిలోకి జారి అతి తక్కువ కరెంటు లాగుతాయి. కొన్ని పాత, చవక ఎస్‌ఎంపీఎస్‌లు అంత తక్కువ లోడ్ దగ్గర వోల్టేజీని నిలపలేవు. బయోస్‌లో అడ్వాన్స్‌డ్, ఏఎండీ సీబీఎస్ కింద "పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్" అని ఉంటుంది. దాన్ని ఆటో నుంచి "టిపికల్ కరెంట్ ఐడిల్"కి మార్చండి. ఖాళీగా ఉన్నప్పుడు కొన్ని వాట్లు ఎక్కువ కాలుతుంది, అంతే నష్టం. దాంతోనూ ఆగకపోతే పరీక్ష కోసం గ్లోబల్ సీ-స్టేట్ కంట్రోల్ డిసేబుల్ చేసి చూడవచ్చు. అది పనిచేసిందంటే దారి సరైనదే, కానీ శాశ్వత మందు మంచి ఎస్‌ఎంపీఎస్.

తేలికపాటి పనిలో, ఉన్నట్టుండి రీస్టార్ట్ అయి, లాగ్‌లో వీయా-లాగర్ 18 (విండోస్ రాసే హార్డ్‌వేర్ తప్పు ఎంట్రీ) కనిపిస్తే కథ వేరు. ఆ ఎంట్రీలో "ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ" అని ఒక అంకె ఉంటుంది. ప్రతిసారీ అదే అంకె వస్తుంటే ఒక్క కోర్ మాత్రమే తడబడుతోందని అర్థం. ఎవరో వీడియోలో చెప్పారని కర్వ్ ఆప్టిమైజర్‌లో ఆల్ కోర్ మైనస్ 30 పెట్టుకున్న వాళ్ల దగ్గర ఇది మామూలే. కోర్‌సైక్లర్ పుట్టిందే దీనికోసం. ప్రైమ్95ని ఒకసారికి ఒకే కోర్ మీద నడుపుతుంది. ఆరు కోర్లూ కలిసి పనిచేస్తే క్లాక్ దిగుతుంది. ఒక్కటే పనిచేసినప్పుడు అది 5600లో 4.4 గిగాహెర్ట్జ్ దాకా ఎగబాకుతుంది, తక్కువ వోల్టేజీ అక్కడే బయటపడుతుంది. ఏ కోర్ దగ్గర ఆగిందో పేరు పెట్టి చెబుతుంది కాబట్టి ఆ ఒక్కదానికే మైనస్ 30ని మైనస్ 20 చేస్తే సరి. కర్వ్ సున్నాలో, అన్నీ డీఫాల్ట్‌లో ఉన్నా అదే కోర్ పడిపోతుంటే ప్రాసెసర్ వారంటీకి వెళ్లాల్సిందే. ఈ టూల్‌కి అందమైన విండో ఏమీ లేదు, నల్ల స్క్రీన్‌లో అక్షరాలు పరుగెడతాయి. అయినా పనితనంలో మెమ్‌టెస్ట్ తర్వాత స్థానం దీనిదే.

హెచ్‌డబ్ల్యూఇన్ఫోని చాలామంది వేడి చూడ్డానికే వాడతారు. దాని అసలు బలం లాగింగ్. సెన్సర్స్ విండోలో లాగ్ మొదలుపెట్టి గేమ్ ఆడండి; సిస్టమ్ పడిపోయాక ఆ ఫైల్ తెరిచి చివరి వరుసలు చదవండి. ప్రాసెసర్ 90 దాటుతోందా, గ్రాఫిక్స్ హాట్‌స్పాట్ మామూలు టెంపరేచర్ కంటే పాతిక డిగ్రీలు మించి ఉందా, వీయా ఎర్రర్ల లెక్క పెరుగుతోందా. అన్నీ మామూలుగా ఉండి లాగ్ ఠక్కున ఆగిపోతే వేడి కాదు, పవర్. ఇది చూపించే 12 వోల్టుల అంకెని మాత్రం నమ్మొద్దు, బోర్డు సెన్సర్లు అంత కచ్చితం కాదు. లోడ్ పెట్టి, మల్టీమీటర్‌తో మోలెక్స్ కనెక్టర్‌లో పసుపు, నలుపు వైర్ల మధ్య చూడండి. 11.40 నుంచి 12.60 లోపు ఉండాలి.

ఆ లోడ్ పెట్టడానికి ఓసీసీటీ. ఉచిత వెర్షన్‌లో ఒక్కో టెస్ట్ గంటకు ఆగిపోతుంది, ఇంటి వాడకానికి అది చాలు. దాని పవర్ టెస్ట్ ప్రాసెసర్‌నీ, కార్డునీ ఒకేసారి పిండుతుంది. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద ఇది పెట్టే ముందు స్టిక్కర్ చదవండి. పెద్దక్షరాల్లో 450 వాట్లు అని ఉంటుంది, కింద చిన్నగా 12 వోల్టుల గడిలో 18 ఆంపియర్లు ఉంటుంది. 12 ఇంటు 18, అంటే 216 వాట్లు. ప్రాసెసర్‌కీ కార్డుకీ దొరికేది అంతే. అలాంటిదాన్ని టెస్ట్ చేయడం దండగ, మార్చడమే. మంచి ఎస్‌ఎంపీఎస్ ఉన్నా గేమ్‌లో ఆఫ్ అవుతుంటే, కార్డుకి రెండు 8 పిన్ సాకెట్లుంటే ఒకే కేబుల్ కొసన ఉన్న రెండు కనెక్టర్లూ కాకుండా రెండు వేర్వేరు కేబుళ్లు పెట్టి చూడండి. ఎస్‌ఎంపీఎస్‌ని విప్పొద్దు. ప్లగ్ తీసినా కెపాసిటర్లలో షాక్ కొట్టేంత ఉంటుంది.

ఇంట్లో ఇన్వర్టర్ మీద పీసీ నడిపేవాళ్లు ఇన్వర్టర్ వెనకున్న స్విచ్ చూసుకోవాలి. కరెంటు పోయినప్పుడు ఎస్‌ఎంపీఎస్ తన నిల్వ మీద నెగ్గుకురాగలిగేది సుమారు 16 మిల్లీసెకన్లు. మామూలు ఇన్వర్టర్ మోడ్‌లో మార్పుకి అంతకంటే ఎక్కువ పడుతుంది, సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది. యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి.

స్టోరేజ్‌కి, డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో చాలు. ఈవెంట్ లాగ్‌లో 129 లేదా 153 (డిస్క్ జవాబు ఆలస్యమైందనే ఎంట్రీలు) పడుతూ, ఆ టూల్ చూపే సీ7 వరుసలో సీఆర్‌సీ (డేటా రవాణాలో తప్పుల) లెక్క పెరుగుతుంటే డిస్క్ కాదు, సాటా కేబుల్. వంద రూపాయల పని.

రెండు మూడు క్షణాల పాటు సౌండ్‌తో సహా తడబడి మళ్లీ మామూలైపోతే దానికి ఈ టూల్స్ ఏవీ అక్కర్లేదు. రైజెన్‌లో ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోనే ఉండే భద్రతా భాగం) బోర్డు మీది ఫ్లాష్ చిప్‌తో మాట్లాడేటప్పుడు అలా అవుతుందని ఏఎండీ 2022 మార్చిలో ఒప్పుకుంది, ఆ ఏడాది మే నుంచి వచ్చిన బయోస్‌లలో సరిచేసింది. పాత బయోస్ ఉంటే అప్‌డేట్ చేయండి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లున్నవాళ్లు బయోస్‌లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) 0ఎక్స్12బీ లేదా ఆ తర్వాతిది ఉందో లేదో చూసుకోవాలి. గేమ్‌లో కార్డుకి మెమరీ చాలలేదని, జిప్ ఫైల్ విప్పితే సీఆర్‌సీ తప్పని వస్తుంటే అనుమానం ప్రాసెసర్ మీదే. అప్‌డేట్ కొత్త నష్టాన్ని ఆపుతుంది గానీ జరిగినదాన్ని వెనక్కి తేదు. బాక్స్‌తో కొన్నవాటికి ఇంటెల్ వారంటీని రెండేళ్లు పొడిగించింది, బిల్లు తీసి పెట్టుకోండి.

ఇవన్నీ పాసై, లాగ్‌లో 41 తప్ప ఏమీ లేకుండా, ఇష్టం వచ్చినప్పుడు రీస్టార్ట్ అయ్యే సిస్టమ్ ఉంటే క్యాబినెట్ ముందు ప్యానెల్ నుంచి బోర్డుకి వచ్చే రీసెట్ వైరు పీకేసి వారం వాడండి. చవక క్యాబినెట్లలో ఆ బటన్ లోపల ఇరుక్కుని తనంతట తానే తగులుతుంటుంది. రీసెట్ లేకపోయినా పనేమీ ఆగదు. పవర్ బటన్‌ని నాలుగైదు సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆఫ్ అవుతుంది.