కొండదారిలో ఇద్దరి సామాను: ఏళ్లు వాడాక ఏది నిలిచింది, ఏది మొరాయించింది

గుడారంతో మొదలుపెడతాను. డబ్బు ఎక్కువగా పోసింది దాని మీదే, ఎక్కువగా తిట్టుకున్నదీ దాన్నే. రెండు పొరల బట్ట, అల్యూమినియం కమ్ములు, బరువు రెండున్నర కిలోల లోపు. నేనూ మా ఆయనా దీన్ని మొదట అరకు, లంబసింగి కొండల్లో వాడాం. తర్వాత మనాలి నుంచి లేహ్ దాకా సైకిళ్ల మీద మోసుకెళ్లాం, ఆపైన స్పితి లోయలోనూ వేశాం. అమ్మేవాళ్లు ‘ఇద్దరికి’ అని రాస్తే నిజంగా ఇద్దరు మనుషులకే అని అర్థం, సంచులకు అందులో వాటా లేదు. దంపతులు కొనేటప్పుడు చూడవలసింది బరువు కన్నా ముందు తలుపులు. రెండు వైపులా రెండు తలుపులు ఉంటే అర్ధరాత్రి ఒకరు బయటికి వెళ్లాలంటే రెండోవారి మీదుగా పాకనక్కర్లేదు. మనాలి-లేహ్ దారిలో మజిలీ చేసే సర్చూ ఎత్తులో ఒకసారి నిద్ర చెడితే మళ్లీ పట్టడం కష్టం. ఈ ఒక్క సౌకర్యం వల్ల మా మధ్య ఎన్ని తగాదాలు తప్పాయో లెక్కలేదు.

ఒకే గుడారం రెండు చోట్ల రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. లంబసింగిలో శీతకాలపు మంచుకు పై పొర తెల్లారేసరికి పిండేలా తడిసిపోయేది, లోపలి పొరకు చేయి తగిలితే చుక్కలు రాలేవి. లదాఖ్ గాలి పొడి. అక్కడ చెమ్మ తక్కువే, కానీ సెప్టెంబరు రాత్రి సర్చూలో మా ఊపిరి ఆవిరే పై పొర లోపలివైపు పలచటి మంచుపొరగా గడ్డకట్టింది. పొద్దున ఎండ పడగానే అదంతా జల్లుగా మా మీదే కురిసింది. పై పొరను, లోపలి పొరను విడివిడిగా మడిచి పెట్టుకోవడం ఒక్కటే మందు.

అసలు దెబ్బ జిప్పుల దగ్గర తగిలింది. అదే దారిలోని మోరే మైదానంలో మధ్యాహ్నం దాటాక లేచే గాలి పిండిలాంటి దుమ్మును తెస్తుంది. అది జిప్పును మూసే రన్నరు లోపల చేరి లోహాన్ని అరగదీస్తుంది. రన్నరు జరుగుతూనే ఉంటుంది, పళ్లు మాత్రం కలవవు. రన్నరు వెనక అంచులు రెండింటినీ పటకారుతో ఒక్కొక్కటిగా, చాలా కొద్దిగా నొక్కితే మళ్లీ పట్టు వస్తుంది. గట్టిగా నొక్కితే విరుగుతుంది. ఆ తర్వాత పళ్ల మీద కొవ్వొత్తి రుద్దాలి. ఈ వైద్యంతో లేహ్ దాకా లాక్కొచ్చాం. తయారీదారుకు రాస్తే అది ‘వాడకం వల్ల అరుగుదల’ అట, హామీ వర్తించదట. గుడారం వాడకానికి కాకపోతే షోకేసులో పెట్టుకోవడానికా? చివరికి మా వీధి టైలరు సంచుల రన్నర్లు రెండు వేసిచ్చాడు, అవి ఇప్పటికీ నడుస్తున్నాయి. మేకులు అక్కడ ఇసుకనేలలో నిలవవు. తాడు కొసకు పెద్ద రాయి కట్టడమే నయం, రాళ్లకు అక్కడ కొదవ లేదు.

పొయ్యి విషయంలో మాత్రం నాకు ఫిర్యాదు లేదు. మాది పెట్రోలు, కిరోసిన్ రెండింటితోనూ మండే పంపు స్టవ్. గ్యాస్ డబ్బాలను విమానంలో తీసుకెళ్లనివ్వరు, పెట్రోలును రైల్లోనూ రానివ్వరు. అందుకే సీసాను కడిగి ఆరబెట్టి ఖాళీగా తీసుకెళ్లి దారిలో నింపుకొన్నాం. చంద్ర, భాగ నదులు కలిసే తాండీలో ఉన్న బంకు దీనికి సరైన చోటు. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరమని చెప్పే బోర్డు మేం వెళ్లినప్పుడు అక్కడ ఉండేది, దాని దగ్గర ఫొటో దిగని యాత్రికుడు ఉండేవాడు కాదు. పెట్రోలు మసికి ఇంధనం చిమ్మే సన్నటి రంధ్రం, జెట్, పూడుకుపోతుంది, మంట పసుపురంగుకు తిరుగుతుంది. మా అమ్మ కిరోసిన్ స్టవ్‌కు వాడిన పిన్ను పద్ధతే ఇక్కడా పనికొచ్చింది. పంపు వాషరు ఎండిపోయి గాలి పట్టకపోతే ఒక చుక్క నూనె చాలు.

అయితే ఎంత మంచి పొయ్యి అయినా ఎత్తును జయించలేదు. లేహ్ దారిలోని మజిలీ పాంగ్ దాదాపు 4,600 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీరు సుమారు 85 డిగ్రీలకే మరుగుతుంది. మూత పెట్టి గంట ఉడికించినా కందిపప్పు గింజగానే ఉంటుంది, అన్నం బయట మెత్తగా, లోపల పలుకుగా ఉంటుంది. రెండు లీటర్ల చిన్న కుక్కరును మోయడం పిచ్చితనమని తోటి సైకిలువాళ్లు నవ్వారు. రాత్రి పెసరపప్పు, అన్నం ఆవిరి చూసి వాళ్లే గిన్నెలు పట్టుకొచ్చారు. కుక్కరు లేకపోతే ఇంటి దగ్గరే వేయించిన రవ్వ, అటుకులు, పప్పులపొడి తీసుకెళ్లండి. గోంగూర పచ్చడిని మాత్రం మరచీసాలో వేసి, ఆ సీసాను మరో సంచిలో కట్టి పెట్టండి. నూనె దారి వెతుక్కుంటుంది.

ఇక సైకిళ్లు. రెండూ స్టీలు ఫ్రేములే. ముందు చిన్న పళ్లచక్రానికి 22 పళ్లు, వెనక పెద్దదానికి 34. గాటా లూప్స్‌లోని 21 మలుపులనూ సామానుతో తొక్కి ఎక్కగలిగింది ఆ గేరు వల్లే. దాని కన్నా బరువైన గేరుతో 5,328 మీటర్ల టంగ్లంగ్ లా (‘లా’ అంటే కనుమ) ఎక్కుతానంటే మోకాళ్లు ఒప్పుకోవు. చక్రాలకు 36 చువ్వలు ఉండేలా చూసుకోండి. తెగితే వెనక చక్రంలో గేర్ల వైపు చువ్వలే తెగుతాయి, వాటిని మార్చాలంటే వెనక పళ్లచక్రాల గుత్తిని, అంటే క్యాసెట్‌ను విప్పాలి, ఆ పనిముట్టు దారిలో ఎవరి దగ్గరా దొరకదు. ట్యూబులకు మోటారుసైకిల్ వాల్వు ఉంటే లారీల పంక్చరు కొట్టులోనూ గాలి కొట్టించుకోవచ్చు. ఎక్కడం కన్నా దిగడం సామాను మీద కఠినం. టంగ్లంగ్ లా నుంచి ఉప్షీ దాకా దాదాపు 1,900 మీటర్లు దిగాలి, బ్రేకు ప్యాడ్లు ఒక జత ఎప్పుడూ అదనంగా ఉండాలి.

నా సైకిలుకు మొదట అల్యూమినియం క్యారియర్ ఉండేది. బారాలాచా లా ముందు గతుకుల్లో దాని కాలు బోల్టు దగ్గర విరిగింది. బైండింగు తీగతో, పైపు క్లాంపుతో కట్టి నెట్టుకొచ్చాం. అల్యూమినియాన్ని దారిలో అతికేవాళ్లు లేరు. దాని స్థానంలో వచ్చిన స్టీలు క్యారియర్ అరకిలోకు పైగా బరువు ఎక్కువే. స్పితిలో అదీ బీటలిచ్చింది, కానీ కాజాలో వెల్డింగు చేసే కుర్రాడు టీ తాగేలోపు అతికేశాడు. అతుకు వికారంగా ఉంది, గట్టిగా ఉంది. కొండల్లోకి వెళ్లేవాళ్లు సామాను ఎంచేటప్పుడు నేను అడగమనే ప్రశ్న ఇదొక్కటే: ఇది విరిగితే దారిలో బాగుచేసేవాడు ఉన్నాడా?

ఇద్దరి యాత్రలో బరువు పంపకం గురించి ఏ దుకాణమూ చెప్పదు. సగం సగం పంచుకోవడం న్యాయంగా కనిపిస్తుంది కానీ పని చేయదు. ఇద్దరి వేగం ఒకటయ్యేలా పంచాలి. ఎక్కుడులో నేను తేలిక, అందుకని కుక్కరు, గుడారం కమ్ములు నా సంచుల్లోకి వచ్చాయి. దిగుడులో ఆయన రాయిలా జారిపోతారు, దానికి పంపకంలో మందు లేదు. లాచులుంగ్ లా దిగేటప్పుడు పంక్చరు నా చక్రానికి, పంపు ఆయన సంచిలో, ఆయన కిలోమీటర్ల దూరంలో. అప్పటినుంచి పంపు, ట్యూబు, పంక్చరు ముక్కలు, నీళ్లు, చలికోటు, ఒక పూట తిండి ఎవరివి వారి దగ్గరే. గుడారం, పొయ్యి మాత్రమే ఉమ్మడి. మంచు కరిగి వాగులు పొంగేది మధ్యాహ్నం తర్వాతే కాబట్టి వాటిని పొద్దున్నే, ఇద్దరమూ కలిసే దాటుతాం.

పడక సంచులు ఈకలవి, ఒకటి కుడి జిప్పు, ఒకటి ఎడమ జిప్పు. రెండూ కలిపితే ఒకే పెద్ద బొంత అవుతుంది, వెచ్చదనం నిజంగానే పెరుగుతుంది. కాకపోతే పక్కవాళ్లు తిరిగినప్పుడల్లా చలిగాలి దూరుతుంది. తడి తగిలితే ఈకలు ఉండలు కడతాయి కాబట్టి మన తూర్పు కనుమల మంచుకు సింథటిక్ దూది సంచులే మేలు. కింద పరిచే చాపల్లో గాలి నింపేవి రెండూ కారాయి, మడత ఫోమ్ చాప మాత్రం ముళ్ల మీద పరిచినా మాట్లాడలేదు.

తోలు సీటు గురించి మేమిద్దరం ఇప్పటికీ ఒక మాట మీదికి రాలేదు. అది ఒంటికి తగ్గట్టు మారిందని ఆయన అంటారు. ఒళ్లే దానికి తగ్గట్టు మారిందని నేను అంటాను. నేను సాదా రెగ్జిన్ సీటే వాడుతున్నాను, వానలో దానికి గొడుగు పట్టనక్కర్లేదు.