మోదీ బొమ్మ తీసి జవాను బొమ్మ పెట్టాలంటే: నల్లగొండలో ఒక ఫ్లెక్సీ షాపు

క్లాక్ టవర్ సెంటర్ దగ్గరున్న ఈ షాపులో మామూలు ఫ్లెక్సీ చదరపు అడుగుకు 12 రూపాయలు. ప్రింటు బాగుంటుంది, డిజైన్ చేసే పిలగాడికి ఓపిక ఎక్కువ. అయితే షాపు పనితనం తెలిసేది కట్టేసిన ఫ్లెక్సీలో ఒక ముఖం తీసి ఇంకోటి పెట్టించినప్పుడే. 2025 మే తర్వాత ఇట్లాంటి గిరాకీ కూడా వస్తోంది.

పహల్గాంలో ఏప్రిల్ 22న 26 మందిని చంపారు. మే 7న మన సైన్యం తొమ్మిది చోట్ల దాడి చేసింది. అప్పుడు ఆర్డర్లన్నీ ఒకటే తీరు: వెనక యుద్ధ విమానం, నడుమ మోదీ, కింద గళ్లలో వార్డు నాయకులు. మూడు రోజులకే, మే 10 సాయంత్రం, కాల్పుల విరమణ. ఆ కబురు ఢిల్లీ కంటే ముందు ట్రంప్ పోస్టులో కనిపించేసరికి అభిమానుల్లో చాలామందికి మింగుడుపడలేదు. ఆ కోపం విదేశాంగ కార్యదర్శి విక్రం మిస్రీ మీద పడింది, ఆయన ఎక్స్ ఖాతాకు తాళం వేసుకున్నారు. నీళ్లూ నెత్తురూ కలిసి పారవని మే 12న ప్రధాని అన్నారు కదా, సెప్టెంబర్ 14న దుబాయ్‌లో పాకిస్తాన్‌తో మ్యాచ్ ఆడినప్పుడు ఆ మాటనే ఆయన్ని మెచ్చినవాళ్లు కొందరు ఎత్తిచూపారు. జెండా ఉంచి బొమ్మ ఒక్కటి మార్చమనేది వీళ్లే.

మార్చే పద్ధతి ఇది. కొత్త బొమ్మను వినైల్ స్టికర్ మీద తీసి పాతదాని మీద అంటిస్తారు. చదరపు అడుగుకు 30 రూపాయలు, రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ముఖానికి 120. నాలుగు వైపులా రెండంగుళాలు ఎక్కువ పెట్టమని గట్టిగా చెప్పాలి, లేకుంటే పక్క నుంచి పాత చెవి కనిపిస్తుంది. మూలలు గుండ్రంగా కోయించాలి. ఎండకు ఫ్లెక్సీ సాగుతుంది, స్టికర్ అంత సాగదు, అందుకే మూలలు లేస్తాయి. దుమ్ము తుడవకుండా అంటిస్తే రెండో రోజుకే గడ్డం బయటపడుతుంది. ఇక్కడ తుడవడంలో అశ్రద్ధ ఉంది, మనమే దగ్గరుండి చూసుకోవాలి.

కాషాయం ఇంకో తంటా. ఫైల్లో మెజెంటా (గులాబీ ఇంకు) 60 శాతం, పసుపు 100 శాతం పెడితే సరిగ్గా వస్తుంది. నలుపు కలిస్తే ఇటుక రంగే. స్టికర్ మీద అదే రంగు కొద్దిగా తేడా కొడుతుంది కాబట్టి ముఖం వెనకున్న పట్టీ మొత్తం మార్పించడమే మేలు. ఖర్చు పెరుగుతుంది, అతుకు మాత్రం కనబడదు.

వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన విమానం ఫొటో ఇవ్వకండి. ఆరడుగుల వెడల్పుకు కనీసం 5,184 పిక్సెళ్లు కావాలి, వాట్సాప్ ఫొటో చాలాసార్లు 1,600 దగ్గరే ఆగుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫొటో చెడదు.

మోదీ బదులు జవాను ఫొటో అడిగేవాళ్లకు షాపువాళ్లు ఒకటి చెప్పరు: ఎన్నికల ప్రచారంలో సైనికుల ఫొటోలు వాడొద్దని ఎన్నికల సంఘం 2019 మార్చిలోనే పార్టీలకు చెప్పింది. 100 మైక్రాన్ల కంటే పలచని పీవీసీ బ్యానర్లు 2022 జులై 1 నుంచి నిషేధం, మందం కూడా అడిగి తీసుకోండి.

ప్రింటు కాగానే చుట్ట చుట్టి ఇస్తామంటే ఒప్పుకోవద్దు, ఇంకు ఆరక ముఖాలు ఒకదానికొకటి అంటుకుంటాయి. ఫైలు మూడు నెలలు దాస్తారు. తీసేసిన బొమ్మనే మళ్లీ పెట్టమని వచ్చేవాళ్లూ ఉన్నారు, వాళ్ల దగ్గర డిజైన్ డబ్బులు తీసుకోరు.