ఇటలీలో పిల్లల ఇంగ్లీష్ క్యాంప్: ఆరు వారాలు పాడి, గెంతి, గొంతు పోగొట్టుకున్నా

ఇంగ్లీష్ టీచర్‌గా చేసిన ఈ క్యాంప్ ఉద్యోగానికి రేటింగ్ ముందే చెప్పేస్తా, ఐదుకి మూడున్నర. అందులో రెండున్నర పిల్లలకీ, నన్ను వాళ్ళింట్లో పెట్టుకుని అన్నం పెట్టినవాళ్ళకీ, మిగిలిన ఒక్కటీ కంపెనీకి. కంపెనీ పేరు మాత్రం రాయను, అడక్కండి.

అసలు ఈ క్యాంపులెందుకంటే, ఇటలీలో జూన్ మొదట్లోనో రెండో వారానికో బళ్ళు మూసేస్తే మళ్ళీ తెరిచేది సెప్టెంబర్ మధ్యలోనే. ఇద్దరూ ఉద్యోగాలకి పోయే అమ్మానాన్నలు మూడు నెలలు పిల్లల్ని ఏం చేస్తారు పాపం, అందుకే సోమవారం నుంచి శుక్రవారం దాకా తొమ్మిదింటికి తెచ్చి క్యాంపులో దింపేసి ఐదింటికి తీసుకెళ్తారు. మనం వారానికో రెండు వారాలకో ఊరు మారుతుంటాం, ఉండేది క్యాంపుకొచ్చే పిల్లల ఇళ్ళల్లోనే. నాకు పడ్డవన్నీ ఎమీలియా వైపు, బొలోన్యా చుట్టుపక్కల ఊళ్ళు. మేం నాకు పదేళ్ళప్పుడు డబ్లిన్ వచ్చేశాం, ఐరిష్ పాస్‌పోర్ట్ ఉంది కాబట్టి వీసా గొడవ లేదు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు ఫారం నింపే ముందు ఈ సంగతి చూసుకోండి, బ్రెగ్జిట్ తర్వాత యూకే వాళ్ళకే వర్క్ వీసా కావాల్సొస్తోంది.

ట్రైనింగ్ నాలుగు రోజులు, బాగుంది, కానీ అంతా ఆటలూ పాటలే. ఎండలో నలభై మంది పిల్లల్ని గుండ్రంగా నిలబెట్టి గెంతించడం ఎలాగో నేర్పారు, ఏడుస్తూ అమ్మ కావాలనే ఆరేళ్ళ పిల్లాడిని ఏం చెయ్యాలో ఒక్క ముక్క చెప్పలేదు, అది మొదటి సోమవారమే నేర్చుకున్నా, ఏం చెయ్యక్కర్లేదు, పక్కన కూచుని బొమ్మకి రంగులేస్తుంటే వాడే వచ్చి క్రేయాన్ లాక్కుంటాడు.

ఇక పిల్లల ఇంగ్లీష్. మన భాషని అజంత భాష అంటారు కదా, మాట చివర అచ్చు లేకపోతే మనకి తోచదు, బస్సు, కారు, డ్రెస్సు. ఇటాలియన్ కూడా అంతే! వాళ్ళు "బిగ్గ డాగ్గ" అంటుంటే మా నాయనమ్మ గుర్తొచ్చి నవ్వాగలేదు. ఇంకోటి, "ఐ హ్యావ్ నైన్ ఇయర్స్" అంటారు, వాళ్ళ భాషలో వయసు మన దగ్గర ఉండేది మరి. పక్క క్లాస్ టీచర్ డబ్లిన్ అబ్బాయి, తప్పు తప్పు అని బోర్డు మీద రాసి కొట్టేస్తుంటే నాకు మాత్రం వాళ్ళ బాధ తెలుసు, మనం "నాకు తొమ్మిదేళ్ళు" అని కదా అంటాం, "నేను తొమ్మిదేళ్ళు" అనం కదా. నేనూ చిన్నప్పుడు అలా తడబడ్డదాన్నే. అలాగే "హ" పలకదు వాళ్ళకి. ఒక పిల్ల పదకొండింటికి నా దగ్గరకొచ్చి "ఐ యామ్ ఆంగ్రీ" అంది, ఎవరి మీదమ్మా కోపం అని పావుగంట బుజ్జగించా, తీరా చూస్తే ఆకలి. బ్యాగులో ఫొకాచ్చా రొట్టె ముక్క తీసిచ్చాక అన్నీ సర్దుకున్నాయి.

నేను చేసినవాటిలో బాగా పనిచేసింది మన నాలుగు స్తంభాలాట. బడి వరండాలో స్తంభాలు కనపడగానే గుర్తొచ్చింది, చేతులూపుతూ రూల్స్ చెప్తుంటే పిల్లలంతా "క్వాత్రో కాంతోనీ!" అని అరిచారు, వాళ్ళకీ అచ్చం అదే ఆట ఉందట. మధ్యలో ఉన్నవాడు ఇంగ్లీష్‌లో ప్రశ్న అడగాలి, నీకు కుక్క ఉందా, నిన్న పాస్తా తిన్నావా ఇలా, అవును అనేవాళ్ళు స్తంభం మారాలి అని పెట్టా. వర్క్‌బుక్‌లో రెండు రోజులు కష్టపడ్డా రాని ప్రశ్నలు అరగంటలో నోటికొచ్చేశాయి, స్తంభం కోసం ఏమైనా మాట్లాడతారు పిల్లలు.

శుక్రవారం సాయంత్రం షో. తల్లిదండ్రులంతా ఫోన్లు పైకెత్తి నిలబడతారు, పిల్లలు నాలుగు లైన్ల నాటకం వేస్తారు, ఆ నాటకం కోసం బుధవారం నుంచే చదువు బంద్. నిజం చెప్పాలంటే కంపెనీ అమ్ముకునేది ఆ ఇరవై నిమిషాల వీడియోనే.

తిండి విషయానికొస్తే, వెజిటేరియన్ అని ఫారంలో రాశా, మొదటింట్లో హ్యామ్ పెట్టి ఇది మాంసం కాదుగా అన్నట్టు చూశారు. మరీ నియమం ఉన్నవాళ్ళకి ఒక మాట, అసలైన పార్మిజానో చీజ్‌లో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ వాడతారు, నేను పట్టించుకోలేదు గానీ మా అమ్మకి ఇంకా చెప్పలేదు. మూడో ఇంట్లో నోన్నా, అంటే వాళ్ళ నానమ్మ, నా ఆవకాయ సీసా చూసి మూత తీసి వాసన చూసి, లోపల్నుంచి తన వంకాయ ముక్కల సీసా తెచ్చి పక్కన పెట్టింది, అదీ నూనెలో ఊరేసిందే. భాష రాదు ఇద్దరికీ, అయినా గంటసేపు మాట్లాడుకున్నాం. వెళ్ళేటప్పుడు సీసాలు మార్చుకున్నాం.

ఇప్పుడు ఒకటిన్నర ఎందుకు కోశానో చెప్తా. జీతం వారానికి 250 యూరోలు, పాకెట్ మనీ అనుకుని వెళ్తే సరే. కానీ నాలుగో వారం అయిపోయాక శనివారం పొద్దున మెయిల్, వచ్చే వారం నీకు క్యాంప్ లేదు అని. జీతం లేదు, ఇల్లు లేదు, ఆ వారం రోజులు బొలోన్యా హాస్టల్లో సొంత డబ్బులతో ఉన్నా, సంపాదించినదాంట్లో చాలా అక్కడే పోయింది. చేసేదేం లేక అక్కడి కొండ మీదున్న శాన్ లూకా చర్చికి ఎక్కా, 666 ఆర్చిల కింద దాదాపు నాలుగు కిలోమీటర్లు నీడలోనే నడక, అలిపిరి మెట్లు ఎక్కుతున్నట్టే ఉంది, గోవిందలు లేవంతే.

రెండోది, ఒక ఊళ్ళో స్టేషన్‌లో దిగితే నన్ను తీసుకెళ్ళడానికొచ్చిన లోకల్ డైరెక్టర్ నన్ను దాటి ప్లాట్‌ఫాం అంతా వెతుకుతోంది, ఐర్లాండ్ టీచర్ కోసం. నేనేనండీ అంటే "ఓ..." అని ఆగింది. కంపెనీకి చెప్తే "తను మంచావిడే" అని రిప్లై. మంచావిడే, కాదనను, మూడో రోజుకి నాకు కాఫీ కూడా తెచ్చింది. ముందే నా ఫోటో పంపి ఉంటే ఆ "ఓ" ఇంట్లోనే అనుకునేది కదా.

వచ్చే జూన్‌కి మళ్ళీ వస్తావా అని మొన్న మెయిల్ పెట్టారు. ఖాళీ వారానికి ఇల్లు ఇస్తారా అని ఒక్క లైన్ రాశా, పదకొండు రోజులైంది, జవాబు లేదు.