ఇంటి వడ్రంగి గదికి ఏ రంపం ముందు కొనాలి?

ఇంట్లో ఒక గదినో వసారానో వడ్రంగి పనికి కేటాయించుకున్నవారిలో చాలామంది మొదట టేబుల్ సా, అంటే బల్ల మధ్య నుంచి గుండ్రని బ్లేడు పైకి లేచి ఉండే రంపం కోసం చూస్తారు. చెక్కపని నేర్పే వీడియోల్లో గది నడుమ అదే కనబడుతుంది కనుక, అది లేనిదే పని మొదలు కాదన్న భావన సహజంగానే కలుగుతుంది. ఇలాంటి రకరకాల రంపం యంత్రాలతో పనిచేసిన తరువాత నాకు స్థిరపడిన అభిప్రాయం వేరు. ముందుగా గైడ్ రైలు అనే తిన్నని లోహపు పట్టాల మీద నడిచే సర్క్యులర్ సా (చేత్తో నడిపే గుండ్రని బ్లేడు రంపం), ఆ తరువాత మంచి బ్యాండ్ సా (రెండు చక్రాల మీద పట్టీలాంటి బ్లేడు తిరిగే రంపం) కొనాలి. చోటూ అవసరమూ రెండూ ఉన్నాయని తేలాక టేబుల్ సా సంగతి ఆలోచించవచ్చు.

2440 మిల్లీమీటర్ల పొడవు, 1220 మిల్లీమీటర్ల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లైవుడ్ పలక సాధారణంగా 30 కిలోల పైచిలుకు తూగుతుంది. దాన్ని ఒక్కరే ఎత్తి చిన్న టేబుల్ సా మీదికి చేర్చి, ఫెన్సుకు (చెక్కను ఆనించే పక్క పట్టీకి) ఆనించి, ఎక్కడా పక్కకు జరగకుండా చివరిదాకా నెట్టుకుపోవడం కష్టమూ ప్రమాదమూ కూడా. అదే పలకను నేల మీద పరిచిన దళసరి ఫోమ్ షీటుపై పడుకోబెట్టి, రంపాన్నే దాని దగ్గరికి తీసుకుపోతే ఒక్క మనిషి నిబ్బరంగా కోసుకోవచ్చు. అలమరలు, బల్లలు, పుస్తకాల అరలు చేసుకునే వారికి ఎదురయ్యే పెద్ద కోతలన్నీ ఇటువంటివే.

రైలు అంచున ఒక సన్నని రబ్బరు పట్టీ ఉంటుంది. కొత్త రైలు మీద రంపం తొలిసారి నడిచినప్పుడు ఆ పట్టీ సరిగ్గా బ్లేడు దారిలో తెగుతుంది. అప్పటినుంచి పట్టీ అంచు ఎక్కడ ఉంటే కోత అక్కడే పడుతుంది. పెన్సిలు గీతకు ఆ అంచును చేర్చి రెండు క్లాంపులు బిగిస్తే చాలు, బ్లేడుకూ బేసు (రంపం అడుగు పలక) అంచుకూ మధ్య దూరాన్ని లెక్కవేసి గుర్తులు పెట్టుకోనక్కరలేదు. పైగా కోత పొడవునా ఆ పట్టీ పై పొరను అదిమిపట్టి ఉంచుతుంది కనుక వెనీర్ (ప్లైవుడ్ మీద అతికించిన పలుచని చెక్క పొర) అంచులు పెచ్చులు లేవవు. కోసిన అంచుకు నేరుగా జిగురు పెట్టి అతికించగలిగేంత శుభ్రమైన కోత, చేతిలో పట్టుకునే రంపంతో వస్తుందంటే ఒకప్పుడు నమ్మేవాణ్ని కాదు.

రైలుతో కలిపి అమ్మే ప్లంజ్ రకం (బ్లేడును పైనుంచి చెక్కలోకి దించే) రంపాలకు 160 నుంచి 165 మిల్లీమీటర్ల బ్లేడు ఉంటుంది, అవి దాదాపు 55 మిల్లీమీటర్ల లోతు కోస్తాయి. అంత ఖర్చు పెట్టలేనివారు ఏడుంపావు అంగుళాల బ్లేడు ఉన్న మామూలు సర్క్యులర్ సా తీసుకుని, గైడును స్వయంగా చేసుకోవచ్చు. వెడల్పాటి పలుచని ప్లైవుడ్ ముక్క మీద తిన్నని పట్టీ ఒకటి అతికించి, ఆ పట్టీకి రంపాన్ని ఆనించి ఒకసారి నడిపితే కింది ప్లైవుడ్ అంచు బ్లేడు దారికి తెగిపోతుంది, ఇక అదే గైడు. రంపం కొనేటప్పుడు మోటారు బలం కన్నా ముందు బేసు ప్లేటు చూడండి. పలుచని రేకు బేసు ఒక్కసారి కింద పడితే వంగుతుంది, వంగిన బేసుతో కోత ఎన్నటికీ నిటారుగా రాదు. సర్క్యులర్ సా పళ్లు కింది నుంచి పైకి కోస్తాయి కనుక చెక్క మంచి ముఖాన్ని కిందివైపు పెట్టాలి. టేబుల్ సా మీద ఇది తిరగబడుతుంది, అక్కడ మంచి ముఖం పైకి ఉండాలి.

రెండవ స్థానం బ్యాండ్ సాకు ఇవ్వడాన్ని కొందరు ఒప్పుకోరు, దాని కోత గరుకుగా ఉంటుందని వారి అభ్యంతరం. అది నిజమే. బ్యాండ్ సా కోసిన ముఖాన్ని చిత్రిక పట్టక తప్పదు. కానీ అది చేసే పనులు చూడండి. వంపులు కోస్తుంది, మందపాటి చెక్కను నిలువునా చీల్చి రెండు పలుచని పలకలు చేస్తుంది, చిన్న దుంగలను సైతం పలకలుగా మారుస్తుంది. టేబుల్ సా బ్లేడు ఒక్కో కోతలో మూడు మిల్లీమీటర్లకు పైగా కలపను పొట్టు చేస్తే, బ్యాండ్ సా బ్లేడు సుమారు ఒక మిల్లీమీటరే తీసుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, దాని బ్లేడు చెక్కను కిందికి, బల్ల వైపే లాగుతుంది. అందువల్ల చెక్క ఎగిరి మనిషి మీదికి వచ్చే ప్రమాదం ఉండదు. వేళ్లు బ్లేడుకు దగ్గరైతే ఇదీ ప్రమాదకరమేనని వేరే చెప్పనక్కరలేదు. ఒంటరిగా పనిచేసుకునే వారికి మాత్రం ఈ తేడా చాలా పెద్దది.

బ్యాండ్ సా పరిమాణాన్ని చక్రం వ్యాసంతో చెబుతారు. తొమ్మిది, పది అంగుళాల బల్లమీది నమూనాలు బొమ్మలకూ చిన్న వంపులకూ సరిపోతాయి గానీ, గట్టి కలపను చీల్చేటప్పుడు వాటి ఫ్రేము వెడల్పు బ్లేడును తగినంత బిగించి పట్టలేదు, బ్లేడు చెక్క లోపలే పొట్టలా వంగి పలక ఒకచోట పలుచగా, ఒకచోట దళసరిగా వస్తుంది. పద్నాలుగు అంగుళాల యంత్రం గదిలో ఎక్కువ చోటు ఆక్రమించదు, పాత పద్ధతి పోత ఇనుప ఫ్రేము ఉన్న రకాలు ఆరు అంగుళాల ఎత్తు వరకూ కోస్తాయి. చీల్చడానికి అర అంగుళం వెడల్పు, అంగుళానికి మూడు పళ్లు ఉన్న బ్లేడు వేసుకోవాలి. వంపులకు పావు అంగుళం బ్లేడు వేస్తే సుమారు 16 మిల్లీమీటర్ల వ్యాసార్ధం వరకూ తిరుగుతుంది. యంత్రంతో పాటు వచ్చే బ్లేడును చూసి యంత్రం పనికిరానిదని తీర్మానించకండి. చాలావరకు లోపం ఆ బ్లేడుదే అయి ఉంటుంది.

ఈ యంత్రాన్ని సర్దుకోవడంలో ఓపిక కావాలి. బ్లేడు బిగించాక చక్రాన్ని చేత్తో తిప్పి, బ్లేడు రబ్బరు టైరు మీద ఒకేచోట నడుస్తున్నదా లేదా చూడాలి. పక్క గైడ్లను బ్లేడుకు కాగితం మందమంత దూరంలో, పళ్ల మధ్య గాడికి కొంచెం వెనకగా నిలపాలి. వెనక బేరింగు యంత్రం ఉత్తినే తిరుగుతున్నప్పుడు బ్లేడును తాకకూడదు, చెక్కను నెట్టినప్పుడే తాకాలి. పై గైడును చెక్కకు కొన్ని మిల్లీమీటర్ల ఎత్తు వరకు దించుకోవాలి. ఇవి సరిగా కుదిరిన రోజున ఆరు అంగుళాల వెడల్పు టేకు ముక్కను నిలబెట్టి చీల్చి, రెండు సగాలనూ పుస్తకంలా తెరిచి పక్కపక్కన పెడితే, నార గీతలు ఒకదానికొకటి ఎదురుబొదురుగా నిలుస్తాయి. పెట్టె మూతకు అంత అందం మరే రంపమూ ఇవ్వదు.

ఇక టేబుల్ సా. ఒకే వెడల్పున్న పట్టీలు ఇరవై కావాలన్నా, తలుపు చట్రాల ముక్కలన్నీ ఒకే కొలతకు రావాలన్నా దీనికి సాటి లేదు. ఆ గొప్పతనం చాలావరకు ఫెన్సుది. దుకాణంలో చూసేటప్పుడు ఫెన్సును బిగించి దాని చివరను పక్కకు నెట్టి చూడండి, కదిలితే ఆ యంత్రాన్ని వదిలేయండి. తరువాత బ్లేడు మైటర్ గాడికి (బల్ల మీద బ్లేడు పక్కన ఉండే గాడికి) సమాంతరంగా ఉందా అని చూడాలి. బ్లేడు మీద ఒక పన్నుకు గుర్తు పెట్టి, ముందువైపు గాడి నుంచి దాని దూరం కొలిచి, బ్లేడును తిప్పి అదే పన్నును వెనకవైపుకు తెచ్చి మళ్లీ కొలవండి. వెనకవైపు దూరం తేడాగా ఉంటే చెక్క ఫెన్సుకూ బ్లేడుకూ మధ్య ఇరుక్కోవచ్చు.

అలా ఇరుక్కోవడమే చెక్క మనిషి మీదికి ఎగిరిరావడానికి, అంటే కిక్‌బ్యాక్‌కు మూలం. పది అంగుళాల బ్లేడు నిమిషానికి 4000 చుట్లు తిరిగితే దాని పళ్లు గంటకు సుమారు 190 కిలోమీటర్ల వేగంతో కదులుతాయి. వెనక భాగంలో పైకి లేచే పళ్లకు చెక్క తగిలితే ఆ వేగమంతా చెక్కకు అంది, అది నిలబడ్డ మనిషి వైపు దూసుకొస్తుంది. దీన్ని ఆపేందుకు బ్లేడు వెనుక రివింగ్ నైఫ్ అనే రేకు ఉంటుంది. బ్లేడుతో పాటు ఎత్తూ పల్లమూ మారుతూ, కోత మూసుకుపోకుండా అడ్డుగా నిలుస్తుంది. అది లేని పాత టేబుల్ సా ఎంత చవకగా దొరికినా ఇంటికి తేవద్దని గట్టిగా చెబుతాను. అమెరికాలో స్టీవ్ గాస్ 1999లో రూపొందించిన సా స్టాప్ పద్ధతి ఇంకొక మెట్టు పైది. బ్లేడులో స్వల్ప విద్యుత్ సంకేతం ప్రవహిస్తుంటుంది, చర్మం తగలగానే అది మారుతుంది, అల్యూమినియం దిమ్మె ఒకటి పళ్లలోకి దూసుకెళ్లి సుమారు 5 మిల్లీసెకన్లలో బ్లేడును ఆపేస్తుంది. ఆ తరువాత బ్లేడు, బ్రేకు రెండూ మార్చాలి, బాగా తడిసిన కలపకు కూడా అది పొరపాటున స్పందించవచ్చు. అయినా వేలి విలువతో పోలిస్తే ఆ ఖర్చు లెక్కలోనిది కాదు.

చెక్కను అడ్డంగా, ఏటవాలుగా కోసే మైటర్ సా గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఫోటో ఫ్రేములు, గోడ అంచు పట్టీలు తరచూ చేసేవారికి మంచి సాధనమే గానీ, అది అడ్డకోతలకే పరిమితం, స్లైడింగ్ రకమైతే వెనకాల కూడా బోలెడు చోటు అడుగుతుంది. సన్నని బ్లేడు పైకీ కిందికీ కదిలే చేతి యంత్రం జిగ్ సా ధర తక్కువ కనుక అందరి దగ్గరా ఒకటి ఉండవచ్చు. లోపలి రంధ్రాలు కోయడానికి అది తప్పనిసరి, కానీ మందపాటి చెక్కలో దాని బ్లేడు కింది చివర పక్కకు ఒరుగుతుందన్నది మరువకూడదు. 1922లో రేమండ్ డివాల్ట్ తయారుచేసిన రేడియల్ ఆర్మ్ సా (బల్ల పైన చేయిలాంటి కడ్డీకి వేలాడే రంపం) రకం యంత్రాలు అప్పుడప్పుడు పాతవి అమ్మకానికి వస్తాయి. అడ్డకోతకు బాగుంటాయి గానీ వాటితో నిలువుకోత కోయడాన్ని నేను సమర్థించను.

ఏ రంపం కొన్నా బ్లేడుకు విడిగా డబ్బు ఉంచుకోవాలి. పది అంగుళాల బ్లేడులో నార వెంట చీల్చడానికి 24 నుంచి 30 పళ్లు, నారకు అడ్డంగా శుభ్రమైన కోతకు 60 నుంచి 80 పళ్లు కావాలి, రెంటికీ ఒక్కటే ఉంచుకోవాలంటే 40 లేదా 50 పళ్లది తీసుకోవచ్చు. ఎక్కువ పళ్ల బ్లేడుతో మందపాటి చెక్కను చీలిస్తే పొట్టు బయటికి పోవడానికి చోటు చాలక, వేడెక్కి చెక్క అంచు నల్లబడుతుంది. చాలాసార్లు మొండిబారిందనుకున్న బ్లేడుకు నిజానికి పట్టింది కలప జిగురు, దాన్ని కడిగేస్తే మళ్లీ కొత్తదానిలా కోస్తుంది.

పొట్టును పీల్చే గొట్టం బిగించే వీలు లేని రంపాన్ని మూసిన గదిలో వాడకూడదు. 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కలప ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. వ్యాక్యూమ్ ఉన్నా మాస్కు పెట్టుకోవాలి, చెవులకు రక్షణ తప్పదు.

పాత యంత్రం కొనే ఆలోచన ఉంటే బ్యాండ్ సా దగ్గరే మొదలుపెట్టండి. అరిగిన టైర్లు, గైడ్లు, బెల్టు అన్నీ మార్చుకోవచ్చు, బేరింగులు గరగరలాడినా కొత్తవి వేసుకోవచ్చు. పై చక్రాన్ని చేత్తో పట్టుకుని ఊపినప్పుడు ఇరుసు వదులుగా ఊగినా, బ్లేడు పూర్తిగా బిగించినప్పుడు రెండు చక్రాలు ఒకే వరసలో నిలవకపోయినా మాత్రం ఆ యంత్రాన్ని అక్కడే వదిలి రావాలి.