విదేశంలో విమానం మారాలా? మధ్యలో ఎంత సమయం ఉంచుకోవాలంటే

టికెట్టు మీద "కనెక్షన్ 1 గంట 20 నిమిషాలు" అని ఉంటే ఆ సమయమంతా మన చేతిలో ఉంటుందనుకోవద్దు. ప్రతి విమానాశ్రయానికీ కనీస కనెక్షన్ సమయం అని ఒకటి ఉంటుంది. అంతకన్నా తక్కువ వ్యవధి ఉన్న రెండు విమానాలను బుకింగ్ సిస్టమ్ ఒకే టికెట్టుగా అమ్మదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో చాలా కనెక్షన్లకు అది 45 నిమిషాలే. మొదటి విమానం వేళకి దిగి, దారి తెలిసి, చకచకా నడిచేవాళ్లకి అది సరిపోతుంది. పసిపిల్లలతోనో పెద్దవాళ్లతోనో మొదటిసారి అక్కడ దిగేవాళ్లకి సరిపోదు.

రెండు గంటల కనెక్షన్‌నే తీసుకోండి. మొదటి విమానం 10:00కి ఆగింది, రెండోది 12:00కి. పెద్ద విమానంలో వెనక వరసల్లో కూర్చుంటే దిగేసరికి 10:20 అవుతుంది. విమానాన్ని దూరంగా ఆపి బస్సు ఎక్కించారా, ఇంకో పావుగంట. ఇక 12:00 అన్నది విమానం కదిలే సమయం. గేటు సాధారణంగా 15, 20 నిమిషాల ముందే మూసేస్తారు. అంటే 10:35 నుంచి 11:40 దాకా, గంటా ఐదు నిమిషాలు మిగిలింది. మొదటి విమానం అరగంట ఆలస్యమైతే మిగిలేది 35 నిమిషాలు. సెక్యూరిటీ, నడక అన్నీ అందులోనే. అందుకే వ్యవధిని ఎప్పుడూ గేటు మూసే సమయం నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. సీటు ఎంచుకునే వీలుంటే మొదటి విమానంలో ముందు వరసల్లో తీసుకోండి. ఖర్చు లేకుండా దొరికితే పది నిమిషాలు ఊరికే కలిసొచ్చినట్టే.

ఆ తర్వాత చూడాల్సింది రెండు విమానాల మధ్య ఎన్ని క్యూలు ఉన్నాయన్నది. కొత్తవాళ్లకి మా ఓటు సింగపూర్ చాంగికే. 1, 2, 3 టెర్మినళ్లను లోపలి నుంచే స్కైట్రెయిన్ కలుపుతుంది, 4వ టెర్మినల్‌కి మాత్రం బస్సు. ఈ మొదటి మూడింటిలో సెక్యూరిటీ తనిఖీ గేటు దగ్గరే జరుగుతుంది కాబట్టి షాపుల్లో తిరిగి ఆఖరి నిమిషంలో చేరితే కుదరదు. దోహాలో టెర్మినల్ ఒక్కటే, మారే గొడవ లేదు, అయితే ట్రాన్సిట్ ప్రయాణికులకు (అక్కడ విమానం మారి ముందుకెళ్లేవాళ్లకి) సెక్యూరిటీ మళ్లీ ఉంటుంది. ఇలాంటిచోట ఒకే టికెట్టు మీద రెండు గంటలు హాయిగా సరిపోతాయి.

పారిస్ షార్ల్ డి గాల్ అలా కాదు. 2వ టెర్మినల్ అంటే ఒక భవనం కాదు, 2ఏ నుంచి 2జీ దాకా విడివిడిగా ఉంటాయి. అందులో 2జీ విడిగా దూరంగా ఉంటుంది, అక్కడికి బస్సులోనే వెళ్లాలి. పైగా షెంజెన్ దేశాల (తమ మధ్య పాస్‌పోర్ట్ తనిఖీ లేని యూరప్ దేశాలు) బయటి నుంచి వచ్చేవాళ్లకి పాస్‌పోర్ట్ తనిఖీ గమ్యంలో కాదు, మొదట దిగిన షెంజెన్ విమానాశ్రయంలోనే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారి రోమ్ వెళ్తుంటే ఆ క్యూ ఫ్రాంక్‌ఫర్ట్‌లో నిలబడాలి. 2025 అక్టోబరు 12న మొదలై దశలవారీగా అమల్లోకి వచ్చిన కొత్త విధానంలో యూరోపియన్ యూనియన్ పౌరులు కానివారు మొదటిసారి వేలిముద్రలు, ఫొటో కూడా ఇవ్వాలి. ఇలాంటి కనెక్షన్‌కి మూడు గంటలకు తక్కువ పెట్టుకోవద్దు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తినేది అమెరికా. అక్కడ దిగి మెక్సికో వెళ్తున్నా సరే, ట్రాన్సిట్ అని లోపలే ఉండనివ్వరు. ఇమ్మిగ్రేషన్ దాటాలి, సాధారణంగా బెల్టు దగ్గర చెకిన్ బ్యాగు తీసుకోవాలి, కస్టమ్స్ దాటాక బయట ఉండే కౌంటర్లో మళ్లీ అప్పగించాలి, సెక్యూరిటీ మళ్లీ మొదటి నుంచి. బ్యాగు మీద గమ్యం ట్యాగు ఉందని బెల్టు దగ్గర ఆగకుండా వెళ్లిపోతే అది అక్కడే ఉండిపోతుంది. న్యూయార్క్ కెనెడీలో టెర్మినల్ మారాలంటే బయటికొచ్చి ఎయిర్‌ట్రెయిన్ ఎక్కాలి. మూడున్నర, నాలుగు గంటలు ఉంటేనే నిశ్చింత. అబుదాబి, డబ్లిన్ లాంటిచోట అమెరికా విమానం ఎక్కేముందే అమెరికా ఇమ్మిగ్రేషన్ పూర్తవుతుంది, అమెరికాలో దేశీయ ప్రయాణికుల్లా దిగుతారు. అప్పుడు క్యూ ఆ ఎక్కేచోటికి మారిందన్నమాట, సమయం కూడా అక్కడే పెట్టుకోవాలి.

రెండు టికెట్లు విడివిడిగా కొన్నవాళ్లకి పై లెక్కలేవీ వర్తించవు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే రెండో సంస్థకి బాధ్యత ఉండదు, వాళ్ల దృష్టిలో మీరు రాలేదంతే. బ్యాగు గమ్యం దాకా వెళ్లకపోతే బయటికొచ్చి తీసుకోవాలి, అందుకు ఆ దేశపు వీసా కావాల్సి రావచ్చు. అంతర్జాతీయ చెకిన్ తరచూ గంట ముందే మూసేస్తారు. అయిదు గంటలకు తక్కువైతే ఇలా కొనొద్దు. విమానాశ్రయం పేరు కూడా చూసుకోండి: టోక్యోలో నరిటా, హనెడా వేరు, ఇస్తాంబుల్‌లో ఒకటి యూరప్ వైపు, సబీహా గోక్చెన్ ఆసియా వైపు. చెకిన్ కౌంటర్లో ట్యాగు కట్టగానే దాని మీద మూడక్షరాల గమ్యం కోడ్ సరిగ్గా ఉందో లేదో చదవండి, రెండో బోర్డింగ్ పాస్ కూడా అప్పుడే అడిగి తీసుకోండి.

రోజులో ఆఖరి విమానానికి కనెక్షన్ పెట్టుకోకపోవడం మేలు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా విమానాల రాకపోకలపై నిషేధం ఉంది, ఆ వేళకి తప్పితే ఇక తెల్లారాకే. రాత్రంతా ఆగాల్సి వస్తే ఇమ్మిగ్రేషన్ లోపలి హోటళ్లే సుఖం: దోహాలో ఓరిక్స్, దుబాయ్ 3వ టెర్మినల్‌లో దుబాయ్ ఇంటర్నేషనల్ హోటల్, ఆమ్‌స్టర్‌డామ్‌లో యోటెల్‌ఎయిర్. వీటికోసం దేశంలోకి ప్రవేశించాల్సిన పని లేదు. కొన్ని దేశాలు కొన్ని పాస్‌పోర్టులకు లోపలే ఉన్నా ట్రాన్సిట్ వీసా అడుగుతాయి, అది ముందే చూసుకోవాలి. అయిదారు గంటలు దాటితే గది, అంతకు తక్కువైతే లాంజ్ చాలు. చెకిన్ బ్యాగు మాత్రం చేతికి రాదు కాబట్టి మందులు, ఒక జత బట్టలు, ఛార్జర్ వెంట ఉండాలి.

ఒకే టికెట్టు మీద విమానం తప్పిపోతే ఇమ్మిగ్రేషన్ దాటి బయటికి వెళ్లకండి. లోపలే ట్రాన్స్‌ఫర్ డెస్క్ ఉంటుంది. ఆ క్యూలో నిలబడే ఫోన్లో సంస్థ యాప్ తెరవండి, చాలాసార్లు కొత్త విమానం అప్పటికే అందులో కనిపిస్తుంది. ఇచ్చినది నచ్చకపోతే వేరే విమానం నంబరు చెప్పి అడగండి, ఖాళీ ఉంటే మారుస్తారు. రాత్రి ఆపితే హోటల్, భోజనం వోచర్లు నోరు తెరిచి అడగాలి. బ్యాగు ఏ విమానంలో వస్తుందో ట్యాగు రసీదు చూపించి కనుక్కున్నాకే డెస్క్ దగ్గర నుంచి కదలండి.