ఏది ఎన్నేళ్లు మోగుతుంది, ఏది బాగవుతుంది: ఇంటి ఆడియో పరికరాల సమీక్ష

ఆడియో పరికరం కొనేటప్పుడు అందరూ వాట్లు అడుగుతారు, పాట పెట్టి వింటారు. పెట్టె వెనక్కి తిప్పి మూత ఎలా ఊడుతుందో చూసేవాళ్లు తక్కువ. పదేళ్ల తర్వాత అది ఇంట్లో ఉంటుందా, చెత్తలోకి పోతుందా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది. అందుకే ఇక్కడ ఒక్కో రకాన్నీ మూడు ప్రశ్నలతో చూశాం: ముందు ఏది పోతుంది, అది ఊడదీసి మార్చేలా ఉందా, ఆ భాగం బయట దొరుకుతుందా.

ఈ మూడింట్లోనూ మంచి మార్కులు తెచ్చుకునేది పాతకాలపు పద్ధతిలో కట్టిన రెండు చానెళ్ల స్టీరియో యాంప్లిఫయర్. ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చేది), ఆ డీసీని నిలకడగా ఉంచే రెండు పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లు, హీట్ సింక్ (వేడిని బయటికి వదిలే లోహపు రెక్కలు), దానికి బిగించిన, స్పీకర్లను నడిపే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు: లోపల ఉండేది ప్రధానంగా ఇంతే. ట్రాన్స్‌ఫార్మర్ పోవడం చాలా అరుదు. మిగతావన్నీ మార్చుకోదగ్గవే.

మొదట విసిగించేది వాల్యూమ్ నాబ్. తిప్పితే గరగరమంటుంది. లోపలి కార్బన్ పట్టీ మీద దుమ్ము, తుప్పు పేరుకోవడం వల్ల అది. ప్లగ్ పీకి, మూత తీసి, పొటెన్షియోమీటర్ (నాబ్ తిప్పే భాగం) వెనకున్న సందులోకి కాస్త కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఈ చివరి నుంచి ఆ చివరికి ఇరవై ముప్పై సార్లు తిప్పండి. ఒక గంట ఆరనిచ్చి ఆన్ చేయండి. తుప్పు వదలగొట్టే మామూలు స్ప్రే మాత్రం వాడొద్దు. అది లోపలి గ్రీజును కడిగేస్తుంది, నాలుగు రోజులకే మళ్లీ గరగర మొదలవుతుంది.

తక్కువ వాల్యూమ్‌లో ఒక పక్క స్పీకర్ మోగదు, కాస్త పెంచగానే టప్పున అందుకుంటుంది. చాలామంది దీన్ని చూసి ‘బోర్డు పోయింది’ అనేస్తారు. ఎక్కువసార్లు పోయేది స్పీకర్ ప్రొటెక్షన్ రిలే, అంటే లోపం వస్తే స్పీకర్‌ను విడగొట్టే స్విచ్. దాని కాంటాక్టులు నల్లబడతాయి, చిన్న సిగ్నల్ ఆ పొరను దాటలేదు. గరుకు కాగితంతో రుద్దితే పైపూత ఊడిపోయి కొన్ని నెలల్లో మళ్లీ అదే కథ. కాయిల్ వోల్టేజీ, కాంటాక్టుల ఆంపియర్లు, కాళ్ల అమరిక సరిపోయే కొత్త రిలే వేయడమే సరైన పని. చవకైన భాగం, అరగంట సోల్డరింగ్.

కెపాసిటర్ల సంగతి కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే దాదాపు అన్ని పరికరాల ఆయుష్షూ వీటి చేతిలోనే ఉంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ (లోపల ద్రవం ఉండే రకం) మీద 105 డిగ్రీలు అని ఉంటుంది. మామూలు రకానికి ఆ వేడి దగ్గర 2,000 గంటల జీవితం అని తయారీదారు లెక్క ఇస్తాడు. వేడి పది డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ జీవితం సుమారు రెట్టింపవుతుంది. పెట్టెలో అది 65 డిగ్రీల దగ్గర పనిచేస్తే 32,000 గంటలు. రోజుకు నాలుగు గంటలు వింటే దాదాపు 22 ఏళ్లు. అదే చోట 85 డిగ్రీల దగ్గర 2,000 గంటల రకం వేస్తే 8,000 గంటలు, అంటే ఐదున్నర ఏళ్లు. యాంప్లిఫయర్ పైన పది సెంటీమీటర్ల ఖాళీ వదలమనేది, దాని నెత్తిన ఇంకో పెట్టె పెట్టొద్దనేది ఇందుకే. మార్చేటప్పుడు మైక్రోఫారాడ్లు (కెపాసిటర్ సామర్థ్యం) అంతే, వోల్టేజీ అంతే లేదా ఎక్కువ, 105 డిగ్రీల రకం, మందమూ కాళ్ల దూరమూ పట్టేది తీసుకోవాలి. ముందుగా పెద్ద కెపాసిటర్లలో మిగిలిన చార్జిని 100 ఓంల, 5 వాట్ల రెసిస్టర్‌తో పది సెకన్లు దించి, మల్టీమీటర్‌తో సున్నాకు వచ్చిందో లేదో చూసి గానీ చెయ్యి పెట్టొద్దు.

పాత జపాన్ యాంప్లిఫయర్లలో ఇంకో శత్రువు ఉంది. కెపాసిటర్లు కదలకుండా పోసిన లేత పసుపు జిగురు ఏళ్లు గడిచేసరికి గోధుమ రంగుకు మారి, కరెంటు పారించే స్థితికి వస్తుంది, పక్కనున్న కాళ్లను కొరికేస్తుంది. పట్టు దొరకని లోపాలకు చాలాసార్లు ఇదే మూలం. చెక్క పుల్లతో జాగ్రత్తగా గీకి తీసేయాలి.

అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే పని పెద్దదే, అయినా చేతకానిదేం కాదు. పోయిన ట్రాన్సిస్టర్ ఒక్కటే మార్చి ఆన్ చేస్తే కొత్తది కూడా క్షణంలో పోతుంది. దానితోపాటు దాన్ని నడిపే డ్రైవర్ ట్రాన్సిస్టర్, దాని కాలికి తగిలించిన ఎమిటర్ రెసిస్టర్ కూడా చాలాసార్లు కాలిపోయి ఉంటాయి గనక. అన్నీ పరీక్షించి, కొత్త మైకా (ట్రాన్సిస్టర్‌కూ హీట్ సింక్‌కూ మధ్య ఉండే పలుచని రేకు), థర్మల్ పేస్ట్ వేసి, మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు 60 నుంచి 100 వాట్ల ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో పెట్టాలి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిది. అలాగే నిండుగా వెలుగుతూ ఉంటే షార్ట్ ఇంకా ఉంది, వెంటనే ఆపేయండి. తర్వాత స్పీకర్లు తగిలించకుండా టెర్మినళ్ల దగ్గర డీసీ కొలవాలి. 50 మిల్లీవోల్టుల లోపు ఫర్వాలేదు. 100 దాటితే స్పీకర్ తగిలించొద్దు. చివరగా పావుగంట వేడెక్కనిచ్చి సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న విలువకు బయాస్ (పాట లేనప్పుడూ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కొద్దిపాటి కరెంటు) సరిచేయాలి. తయారీ ఆగిపోయిన సాంకెన్, తోషిబా ట్రాన్సిస్టర్లు, సాన్యో ఎస్‌టీకే మాడ్యూళ్ల (యాంప్లిఫయర్ సర్క్యూట్ ఒకే ముక్కలో ఉండే చిప్పులు) పేరుతో నకిలీలు విపరీతంగా తిరుగుతున్నాయి. పేరున్న డిస్ట్రిబ్యూటర్ దగ్గర దొరక్కపోతే సరిపోయే ప్రత్యామ్నాయం వెతకడమే మేలు.

స్పీకర్లకు రెండో స్థానం. ముందు చూడవలసింది ఒకటి: కోన్ (శబ్దం చేసే గరాటు) చుట్టూ ఉన్న అంచు రబ్బరా, ఫోమా? రబ్బరు దశాబ్దాలు నిలుస్తుంది. పాలియురెథేన్ ఫోమ్‌ను గాలిలోని తేమ, ఎండ కలిసి పదిహేను ఇరవై ఏళ్లలో తినేస్తాయి. వేలితో మెల్లగా తాకితే బంకగా రాలిపోతుంది. అలా ఉన్నదాన్ని మోగించొద్దు. కోన్ పక్కకు వాలి, వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) అయస్కాంతానికి రాసుకుని తీగ తెగుతుంది. ఈ దశకు ముందే ఆపితే కొత్త ఫోమ్ రింగ్‌తో స్పీకర్ పూర్తిగా కోలుకుంటుంది. కోన్ వ్యాసం, ఫ్రేమ్ లోపలి వ్యాసం కొలిచి రింగ్ తెప్పించండి. పాత జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తబరిచి శుభ్రం చేయండి. రింగ్‌ను ముందు కోన్‌కు అంటించి ఒక రాత్రి వదిలేయాలి. మర్నాడు ఫ్రేమ్‌కు అంటించేటప్పుడు 30 హెర్ట్జ్ టోన్ చాలా చిన్నగా ఇచ్చి, ఎక్కడా రాపిడి శబ్దం లేకుండా కోన్‌ను మధ్యకు జరిపి జిగురు పట్టనివ్వాలి.

క్రాసోవర్‌లో (స్వరాలను విడదీసి తగిన స్పీకర్‌కు పంపే సర్క్యూట్) బైపోలార్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఉంటే ముప్పై ఏళ్లకు వాటి విలువ జారిపోతుంది. ఫిల్మ్ రకంతో మార్చాక ట్వీటర్ (సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్) మరీ పదునుగా వినిపిస్తే కంగారు పడొద్దు. ఫిల్మ్ కెపాసిటర్‌కు లోపలి నిరోధం తక్కువ, సిరీస్‌లో ఒక చిన్న రెసిస్టర్ వేస్తే సర్దుకుంటుంది.

టర్న్‌టేబుల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ప్రధానంగా అరిగేవి బెల్టు (ఉన్నవాటిలో), స్టైలస్ (రికార్డు మీద నడిచే సూది). స్టైలస్‌ను 500 నుంచి 1,000 గంటలకు మార్చాలి. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 వరస 1972లో మొదలైంది, ఆ కాలపువి నేటికీ తిరుగుతున్నాయి.

సీడీ ప్లేయర్ దగ్గర ఆలోచించాలి. డిస్క్ చదవకపోతే లేజర్ పోయిందని తీర్మానించకండి. ముందు లెన్స్‌ను ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడవండి, స్లెడ్ (లేజర్‌ను జరిపే బండి) పట్టాల మీద గట్టిపడిన గ్రీజు తీసి కొత్తది పూయండి. ట్రే బయటికి రాకపోతే చాలాసార్లు వదులైన బెల్టే కారణం. పికప్ (లేజర్, లెన్స్ ఉన్న భాగం) మార్చాల్సి వస్తే అది సోనీ కేఎస్ఎస్-213 లాంటి విరివిగా వాడిన రకమా కాదా అన్నదే ప్లేయర్ భవిష్యత్తు. కొత్త పికప్ మీద స్టాటిక్ నుంచి కాపాడటానికి ఒక సోల్డర్ బొట్టుతో షార్ట్ చేసి ఉంటుంది. కేబుల్ పెట్టాక దాన్ని తీసేయాలి. అది మరిచి ‘కొత్తదీ పనిచేయట్లేదు’ అని వెనక్కి పంపేవాళ్లు ఎందరో.

ఏవీ రిసీవర్‌లో (టీవీకి, సినిమాలకు వాడే బహుళ చానెళ్ల యాంప్లిఫయర్) యాంప్లిఫయర్ భాగం బాగానే ఉంటుంది, పోయేది హెచ్‌డీఎంఐ బోర్డు. ఇరుకు పెట్టె, ఐదో ఏడో చానెళ్ల వేడి, కాళ్లు కనపడని చిప్పులు. ఆ బోర్డు విడిగా దొరక్కపోతే అనలాగ్ ఇన్‌పుట్‌తో స్టీరియోగా వాడుకోవడమే దారి.

చిట్టచివరి స్థానం సౌండ్‌బార్లకు, బ్లూటూత్ స్పీకర్లకు, ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉండే పవర్డ్ సబ్‌వూఫర్లకు. పైన వేసిన లెక్కే మళ్లీ వేయండి: స్టాండ్‌బైలో కూడా పవర్ సప్లై రోజంతా నడుస్తుంది, ఏడాదికి 8,760 గంటలు. అదే 32,000 గంటల కెపాసిటర్ నాలుగేళ్లయినా నిండకుండానే అయిపోతుంది. సబ్‌వూఫర్‌లో బోర్డు ఊగి సోల్డర్ చిట్లడం దీనికి తోడు. అయినా సబ్‌వూఫర్‌ను వెనక స్క్రూలు తీసి బాగుచేయొచ్చు. జిగురుతో మూసేసిన సౌండ్‌బార్‌ను విరగ్గొట్టకుండా తెరవడమే కష్టం. బ్లూటూత్ స్పీకర్‌లో లిథియం సెల్ మూడు వందల నుంచి ఐదు వందల చార్జింగ్‌ల తర్వాత నీరసిస్తుంది. అది కనెక్టర్‌తో ఉంటే ఐదు నిమిషాల పని, నేరుగా అతికించి ఉంటే చాలామంది స్పీకర్‌నే పారేస్తారు. భాగాలన్నీ బాగున్నా సాఫ్ట్‌వేర్ వల్ల పక్కన పడేవి కూడా ఉన్నాయి. 2020లో వైర్‌లెస్ స్పీకర్ల కంపెనీ సోనోస్ తన పాత మోడళ్లలో కొన్నిటికి కొత్త ఫీచర్ల అప్‌డేట్లు ఆపి, వాటిని వేరే యాప్‌కు పరిమితం చేసింది.

వాడిన యాంప్లిఫయర్ కొనబోతుంటే చేతిలో ఒక మల్టీమీటర్ ఉంచుకోండి. ఆన్ చేయగానే కొన్ని సెకన్లకు రిలే క్లిక్‌మనాలి. అనకపోతే లోపల డీసీ లోపం ఉండొచ్చు. స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ కొలవండి. తర్వాత చిన్న వాల్యూమ్‌లోనే రెండు చానెళ్లూ పావుగంట వినండి, ప్రతి నాబ్‌నూ స్విచ్‌నూ తిప్పి చూడండి. హీట్ సింక్ ఒక పక్క మాత్రమే కాలిపోతుంటే ఆ చానెల్ బయాస్ అదుపు తప్పింది, ధర ఎంత తగ్గించినా సర్వీస్ మాన్యువల్ దొరికితేనే తీసుకోండి.